తల్లి వంట అయ్యేలోగా

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి, చిలమత్తూరు మీదుగా లేపాక్షి చేరే యాత్రికులు వీరభద్రస్వామి దర్శనం చేసుకొని ప్రాకారంలోకి వస్తే, ఏడు పడగల నాగేంద్రుడు ఎదురవుతాడు. చుట్టలు చుట్టుకొని, నడుమ శివలింగాన్ని నిలుపుకొని, ఒకే బండలో లేచి నిలబడి ఉంటాడు. అక్కడ చెప్పే కథ మా వైపు పిల్లలకు కూడా తెలుసు. శిల్పులు మధ్యాహ్నం అన్నానికి వచ్చారట. వంట ఇంకా కాలేదు. ‘కాసేపు కూచోండి నాయనా’ అని తల్లి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ కాసేపట్లో ఎదురుగా ఉన్న బండ మీద ఉలి ఆడించారు. అన్నం ఉడికేలోగా నాగేంద్రుడు లేచాడు. బయటికొచ్చి చూసి తల్లి నివ్వెరపోయిందని, ఆమె దిష్టే తగిలి బండ బీటవారిందని చెబుతారు.

చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఈ కథ అల్లిన పల్లెజనానికి కళ గుట్టు బాగా తెలుసు. అంతటి శిల్పం కొండగుహలో కళ్లు మూసుకొని కూచున్నవాడికి దక్కిందని వాళ్లు చెప్పలేదు. ఆకలేసి, అమ్మ వంట కోసం ఎదురుచూస్తున్నవాడి చేతిలో పుట్టిందన్నారు. రోజూ ఉలి పట్టిన చెయ్యి కాబట్టి ఆ కాసేపు కూడా ఊరికే ఉండలేకపోయింది.

ఆ ఆవరణలోనే నేలబండ మీద పళ్లేలలాగా తొలిచిన గుంటలున్నాయి. పెద్ద పళ్లెం, అందులోనే కూరకూ పచ్చడికీ అన్నట్టు చిన్న చిన్న గిన్నెలు. పనివాళ్లు అన్నం తిన్న పళ్లేలవి అని కొందరంటారు. చిత్రకారులు రంగులు కలుపుకున్నవి అని మరికొందరు. నాకైతే రెండు మాటలూ నిజం కావాలనే ఉంటుంది.

ఇక తల పైకెత్తితే మండపం కప్పు. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ నుంచి వచ్చిన విరూపణ్ణ కట్టించిన గుడి ఇది. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, అన్నీ ఆ కప్పు మీద ఉన్నాయి. కథ తెలిసినవాళ్లు దేవుళ్లను వెతుక్కుంటారు. మీరు ఒక్కసారి ఆ ఆడవాళ్ల చీరలు చూడండి. ఒకరి అంచు ఇంకొకరికి లేదు. గళ్లు, చారలు, పూలు, లతలు. కొప్పు ముడిచిన తీరులోనూ తేడాలే. ఇవన్నీ ఏ శాస్త్రం చూసి గీశారు? వాళ్ల వీధిలో నీళ్లకు పోయే ఆడవాళ్లను, సంతలో బేరమాడే వాళ్లను, తిరునాళ్లలో కొత్తచీర కట్టుకొని సిగ్గుపడే వాళ్లను కళ్లారా చూసి ఉంటారు. చూసి సంతోషపడి ఉంటారు. ఆ సంతోషాన్నే తెచ్చి పార్వతమ్మకు చుట్టబెట్టారు. అయిదు వందల ఏళ్లకు దగ్గరవుతున్నా, ఆ అంచులు ఇంకా ధర్మవరం మగ్గాల మీదికి దిగుతూనే ఉన్నాయి.

గీత తొమ్మిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు అర్జునుడికి చెప్పిన అర్పణ జాబితాలో యజ్ఞం, దానం, తపస్సులతో పాటు తినే తిండి కూడా ఉంది. నేను ఎన్నిసార్లు చదివినా ఆ చోట ఆగిపోతాను. తిండిని కూడా అడిగిన దేవుడు, పొద్దున వాకిట్లో నీళ్లు చల్లినప్పుడు లేచే మట్టివాసనను వద్దంటాడా? చింతచెట్టు నీడలో కాల్చిన చెనక్కాయలు వలుచుకుంటూ ఆడుకొనే మాటలను తోసేస్తాడా? చిన్న సుఖాలన్నీ సాధనకు అడ్డు అని బోధించేవాళ్లున్నారు. కళాకారుడి విషయంలో ఆ బోధ తప్పని నా గట్టి నమ్మకం. అతనికి దేవుడు వాటి గుండానే అందుతాడు.

తాళ్లపాక అన్నమాచార్యులు పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి, 1503లో తనువు చాలించేదాకా రోజుకొక్క సంకీర్తనకు తక్కువ కాకుండా చెప్పారని ఆ పాటలు చెక్కిన రాగిరేకుల మీదే ఉంది. మనమడు చిన్నన్న లెక్క ప్రకారం ముప్పైరెండు వేలు. ఆయన సాళువ నరసింహరాయల పిలుపు మీద మన పెనుకొండలో కూడా కొంతకాలం ఉన్నారు. అన్ని పాటలకు సరుకు ఎక్కడిది? జోలపాట, లాలిపాట, దంపుళ్ల పాట, చందమామ పాట, సువ్విపాట, ఇంటింటా వినిపించేవన్నీ ఆయన చెవిన పడ్డాయి. పడినదాన్ని పడినట్టే వేంకటేశ్వరుడి దగ్గరికి మోసుకుపోయారు. రోజుకొకటి అన్న నియమమే ఆ చెవిని మొద్దుబారనివ్వలేదు.

పుట్టపర్తి నారాయణాచార్యులుగారి సంగతి ఇంకా దగ్గరిది. 1914లో ఈ అనంతపురం సీమలోనే పుట్టి, పెనుకొండలో పెరిగారు. ఆ ఊరి పాడుబడిన కోటగోడల మధ్య తిరిగిన పిల్లవాడు చిన్నతనంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే పుస్తకం పాఠ్యంగా ఎదురైందని సాహిత్యలోకంలో అందరూ చెప్పుకొనే ముచ్చట. అదే పెనుకొండలో ఆయన కుర్రతనంలో నాట్యం నేర్చుకున్నారు. ఏళ్లు గడిచాయి. ప్రొద్దుటూరులో ఉండగా అగస్త్యేశ్వరుడి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ ‘శివతాండవం’ చెప్పారంటారు. కాగితం ముందేసుకొని కాదు, నడుస్తూ. గుడి చుట్టూ తిరగడం ఎవరైనా చేసే పనే. కానీ ఒకప్పుడు గజ్జె కట్టిన కాలు రోజూ అదే రాతినేల మీద పడుతుంటే, లయ లోపలి నుంచి లేవకుండా ఎట్లా ఉంటుంది? వైష్ణవ కుటుంబంలో పుట్టి, పాండురంగణ్ణి ప్రాణంగా చూసుకున్న మనిషి చేత శివుడు తన నాట్యం చెప్పించుకున్నాడు. పెనుకొండలో పిల్లవాడు సరదాగా నేర్చిన అడుగును శివుడు దాచిపెట్టి, ప్రొద్దుటూరులో తిరిగి అడిగి తీసుకున్నాడని నాకనిపిస్తుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్లున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అవార్డు సంగతి పేపర్లన్నీ రాశాయి. నేను చెప్పదలచింది అక్కడి రోజువారీ పని గురించి. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి, వెలుగు ఇటునుంచి అటు కనబడేంత పల్చగా ఎండబెడతారు. బొమ్మ గీసి, చెక్క మీద పరిచి, సన్నని ఉలిని చిన్న సుత్తితో తట్టుతూ ఒక్కొక్క రంధ్రం కొడతారు. సీతమ్మ మెడలో ఒక్క హారానికి ఎన్ని దెబ్బలు పడాలో పక్కన కూచుని చూస్తేగానీ తెలియదు. దెబ్బ తప్పితే తోలు చిరిగిపోతుంది. అందుకని తొందర ఉండదు. తట్టుతూనే మాట్లాడుకుంటారు, పిల్లలు పక్కనే చేరి చిన్న తోలుముక్క మీద చెయ్యి తిప్పుకుంటారు. రాత్రి తెర వెనక దీపం వెలిగాక, ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే హారమవుతుంది. వినాయకుడి ప్రార్థనతో ఆట మొదలవుతుంది. కాలి కింద చెక్క తొక్కుతూ, చేత్తో బొమ్మ ఆడిస్తూ, గొంతుతో పాడుతూ ఒక్క మనిషే ఇన్ని చేస్తాడు. ఈ ఒంటి నేర్పు పుస్తకంలో రాదు. అరుగు మీద రోజూ కూచుంటే వస్తుంది.

మరి ఏమీ తోచని రోజుల మాట? రాసేవాళ్లు, గీసేవాళ్లు ఎక్కువ భయపడేది ఆ రోజులకే. దీనికి జవాబు హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తీసుకుపోయే మా రైతులకు తెలుసు. పట్టుపురుగు దాదాపు ఇరవై అయిదు రోజులు మల్బరీ ఆకు తింటుంది. నడుమ నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. ‘జ్వరానికి కూచుంది’ అంటారు రైతులు. అప్పుడు దాన్ని ఎవరూ కదిలించరు, ఆకు వెయ్యరు. పాత చర్మం విడిచి లేచాక మళ్లీ తింటుంది. చివరికి రెండు మూడు రోజుల్లో వందల మీటర్ల దారం తీస్తుంది. అన్ని రోజులూ తిన్నది మామూలు పచ్చి ఆకే. కళాకారుడికి వచ్చే మౌనం కూడా ఆ జ్వరంలాంటిదే. దాన్ని చూసి బెదిరి నాలుగు చోట్ల నుంచి అరువు తెచ్చి రాసేకంటే, ఆ నాలుగు రోజులూ సాయంత్రం దీపం దగ్గర కాసేపు ఊరికే కూచోవడం మేలు.

ఇవాళ కళకు ఈ రోజువారీ తిండే తగ్గిపోతోందని నా బాధ. శనివారం రాత్రి రామాలయంలో చెక్కభజన కట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ తాళం వేసేవాళ్లలో ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. వాకిట్లో చుక్కల ముగ్గు చోట పెయింటు ముగ్గు వచ్చింది. ఒకసారి వేస్తే ఏడాది ఉంటుంది, నిజమే. కానీ ఆ ఏడాదంతా ఆ ఇంటి ఆడపిల్ల చేతికి చుక్కలు కలిపే పని లేకుండా పోయింది.

మీ ఇంట్లో బొమ్మలు గీసే పాపో, పద్యం పాడే పిల్లవాడో ఉంటే, ఖరీదైన రంగుల పెట్టె కొనేముందు ఒక పని చేయండి. తెల్లవారి అవ్వ పక్కన ముగ్గుపిండి పట్టుకొని కూచోనివ్వండి. వచ్చే శనివారం భజనకు వెంటబెట్టుకొని పొండి, చేతికి తాళాలు ఇవ్వండి. గడప మీద కూచుని వానను చూస్తుంటే, పనీపాటా లేదా అని కసరకండి.