జంట రుగ్మత: బలవంతం, బాధ్యత

మద్యం లేదా మత్తుపదార్థాల వ్యసనం, కుంగుబాటు వంటి మానసిక వ్యాధి ఒకే మనిషిలో కలిసి ఉంటే దానిని జంట రుగ్మత అనవచ్చు. బాధ మరవడానికి తాగిన మద్యమే ఆ బాధను పెంచుతుంది గనుక, రెండింటిలో ఏది ముందో తేల్చడం తరచు కష్టమవుతుంది. వద్దనుకున్న పనినే చేసే మనిషి దానికి ఎంతవరకు బాధ్యుడన్న ప్రాచీన ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. భగవద్గీత మూడవ అధ్యాయంలో అర్జునుడు, ఇష్టం లేకున్నా మనిషిచేత పాపం చేయించేది ఏమిటని అడిగినప్పుడు, రజోగుణం నుంచి పుట్టే కామక్రోధాలని చెప్పిన కృష్ణుడే, ఆరవ అధ్యాయంలో చంచలమైన మనస్సు అభ్యాసంతో, అంటే ఎడతెగని ప్రయత్నంతో, వైరాగ్యంతో, అంటే ఆసక్తిని సడలించుకోవడంతో, వశమవుతుందన్నాడు. బలవంతాన్ని ఒప్పుకుంటూనే ప్రయత్నానికి చోటిచ్చే ఈ దృష్టి, ఇంట్లోనే ఉంటూ, ప్రలోభాల నడుమ తిరుగుతూ, నిర్ణీత రోజుల్లో ఆసుపత్రికి వచ్చి మందులూ కౌన్సెలింగూ పొందే ఔట్‌పేషెంట్ రోగికి చక్కగా అన్వయిస్తుంది. అతడు మళ్లీ తాగితే అది అభ్యాసంలో కలిగిన ఆటంకమే గాని నైతిక పతనం కాదు. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చింది. కాబట్టి ముందు తాగుడు మానితేనే మనసుకు వైద్యమని రోగిని తిప్పి పంపడం తగదు. రెండింటికీ ఒకేచోట, ఒకేసారి చికిత్స అందించడమే ధర్మం.