తీసివేయబడని ముల్లు

తన శరీరమందలి ముల్లు తొలగింపబడవలెనని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు ప్రార్థించెను. ముల్లు తొలగలేదు, దానిని సహించుటకు చాలినంత కృప మాత్రము లభించెను (2 కొరింథీ 12). అయితే తొలగని బలహీనతను బలమని పిలుచుట ఓదార్పా, లేక బాధపడువాని నోరు మూయించుటా?

ఆంధ్రతీరమునుండి పోవు రైలు హౌరా చేరుటకు ముందు టికియాపారా మీదుగా సాగును. అచ్చటికి ఉత్తరముగా, హుగ్లీనది అదే పడమటి ఒడ్డున, శ్రీరాంపూర్ ఉన్నది. తెలుగు వేదభాషాంతర చరిత్ర ఈ ప్రశ్నను ఆ ఊరిలోనే ఎదుర్కొనెను.

జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను మిషనరీలు 1805లో విశాఖపట్టణము చేరిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. ఆనందరాయరు సహాయముతో తెలిగింపబడిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. ఆ ప్రతిని వారిరువురును చూడలేదు. అదే సంవత్సరము మార్చి 11న అచ్చటి ముద్రణాలయము అగ్నిపాలయ్యెను. విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు కాలిపోయెను. కరిగిన లోహముతో అక్షరములను మరల పోతపోసిరి. కేరీ మరల వ్రాసెను. వ్యాకరణము 1814లో, క్రొత్త నిబంధన 1818లో వెలువడెను.

దీనిని విజయగాథగా చెప్పుట సులభము. కాని కేరీ ఇంటిలోనే తీరని బాధ మరియొకటి యుండెను. 1794లో కుమారుడు పీటరు చనిపోయిన పిమ్మట ఆయన భార్య డొరతి మనస్సు చెదరెను. ఆమె కోలుకొనకయే 1807లో మరణించెను. ఆమె వేదనను భర్త ఘనతకు అలంకారముగా చూపుట సత్యమునకు ద్రోహము.

పౌలు తన బలహీనతనుగూర్చి అతిశయించెనే గాని పొరుగువాని బలహీనతనుగూర్చి అతిశయింపలేదు. బాధపడువాడు కృప చాలునని తానే ఒప్పుకొనినయెడల అది సాక్ష్యము. సుఖముగానున్నవాడు ఆ మాటనే అతనికి బోధించినయెడల అది అతని నెత్తిన మరియొక బరువు. పొరుగువాని ముల్లు ఎదుట విశ్వాసి చేయవలసినది బోధ కాదు, భారము పంచుకొనుటయే.

మరి కృప చేయునదేమి? అది బలహీనతను మెచ్చుకొనదు, బలహీనుని విడువదు. డెగ్రాంజ్ పని అతని మరణానంతరము ఫలించెను. డొరతి పేరిట చూపదగిన ఫలమేదియు లేదు. అయినను ఇరువురికిని కృప ఒక్కటే. ఏదో సాధించినవారికే అది చాలునదైనచో అది కృప కాదు, జీతము. గెత్సేమనేలో ప్రభువును మూడుసార్లు ప్రార్థించెను, గిన్నె తొలగలేదు. కనుక బలహీనుడు నిలుచు చోటు ఆయన ఎరిగిన చోటే.

మంచముపట్టి ఏ సేవయు చేయజాలని విశ్వాసి తాను వ్యర్థుడనని కుములనక్కరలేదు. అతడు దేవుని పట్టుకొను శక్తి సన్నగిల్లవచ్చును. అతనిని పట్టుకొనియున్న దేవుని చెయ్యి సన్నగిల్లదు. సంఘము ఆ మంచమునొద్దకు పోయి, మాటలు తగ్గించి, అతని ప్రక్కన కూర్చుండును గాక.