ట్యాంకు అడుగున మట్టి (శుక్రవారం సత్సంగం – 27)





ఈ వారం శమాల్ గాలి చూశారు కదా. కిటికీలు మూసినా ఇసుక లోపలికొచ్చింది. మనకైతే గదిలో దుమ్ము. సముద్రం మీద ఉన్నవాడికి అదే ప్రాణగండం.

ఇక్కడ పడవల మెకానిక్‌గా చేసే కరీంనగర్ తమ్ముడొకడు చెప్పిన మాట నన్ను వారమంతా వదల్లేదు. "అన్నా, తెరచాప పడవల చిన్న డీజిల్ ఇంజిన్ ఉంటది. సముద్రం నెమ్మదిగా ఉన్నన్ని రోజులు మంచిగనే నడుస్తది. అలలు లేచినప్పుడే ఆగుతది. ట్యాంకు అడుగున ఏండ్ల సంది పేరుకున్న మురికి, నీళ్లు ఆ కుదుపుకు పైకి లేచి ఫిల్టర్‌కు అడ్డం పడతయి."

గమనించండి. ఆ మురికిని గాలి తేలేదు. ముందే అడుగున ఉంది.

నా సంగతే చెప్తాను. పోయిన నెల జీతం ఆలస్యమైంది. అదే రోజు ఇంటి నుంచి ఫోనులో ఏదో అడిగారు. నా నోటి నుంచి వచ్చింది జీతం మాట కాదు, నాలుగేళ్ల కిందటి పొలం గట్టు తగాదా! గీత రెండో అధ్యాయం 67వ శ్లోకంలో పరమాత్మ చెప్పింది ఇదే. ఇంద్రియాల వెంట పోయే మనసు, నీటి మీది పడవను గాలి ఈడ్చుకుపోయినట్టు మన వివేకాన్ని ఈడ్చుకుపోతుందట.

మరి నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే ఏం చెయ్యాలి? "ముందుగాల ఇంజిన్ దగ్గరికి ఉరకొద్దన్నా" అన్నాడు. ముందు పడవను చూసుకోవాలి. కొంచెం తెరచాప ఎత్తి అదుపులోకి తేవాలి. లోతు తక్కువుంటే లంగరు వెయ్యాలి. గాలి పెరుగుతుంటే తెరచాప తగ్గించాలి. అదీ, తగ్గిద్దామా అని మొదటిసారి అనిపించినప్పుడే. ఆ తర్వాతే కిందికి దిగి ఫిల్టర్ మార్చి, డీజిల్ పైపులో చేరిన గాలి తీసి స్టార్ట్ చెయ్యాలి.

మన ఆడబిడ్డలు చేసి చూపించారు. 2017 సెప్టెంబర్ 10న వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న వచ్చారు. వాళ్లలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువాళ్లే. పడవకు పెట్టింది ఒడిశా గంజాం జిల్లా తారా తారిణి అమ్మవారి పేరు, నావికులు కొలిచే తల్లి. దక్షిణ సముద్రాల తుఫాన్లు దాటాక, తిరుగు దారిలో చుక్కాని తిప్పే యంత్రం పాడైంది. ఇల్లు దగ్గరే కదా అని మొండిగా రాలేదు. మారిషస్‌లో ఆగి, బాగు చేసుకుని, ఆలస్యంగా వచ్చారు. అమ్మ పేరు ఉంది, అమ్మే చూసుకుంటుందని చుక్కాని వదిలెయ్యలేదు. నాకు తెలిసిన భక్తి అంటే అదే!

"మరి ట్యాంకు ఎప్పుడు కడగాలి తమ్మీ?" అనడిగాను.

"గాలి లేనప్పుడన్నా. ఒడ్డున ఉన్నప్పుడు."

ఈరోజు గాలి తగ్గింది, సెలవు కూడా. ఇక్కడ ఏడున్నర, ఊళ్లో పది. మా తమ్ముడు పొలం నుంచి వచ్చే వేళ. ఇది పంపేసి వాడికి ఫోన్ చేస్తున్నాను.