అంచు విరిగిన మూకుడు



మాది ఉద్దానం. కొబ్బరి, జీడితోటల మధ్య ఇల్లు. మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. నల్లోడు, గౌరి. ఒకే తల్లి పిల్లలు. గుణాలు మాత్రం వేరు.

నల్లోడికి చోడంబలి ప్రాణం. అమ్మ అంచు విరిగిన మూకుడులో పోసేది. ముక్కు ముంచి తాగేవాడు. మీసాలు నాక్కుంటూ అమ్మ మొహంలోకి చూసేవాడు, ఇంకొంచెం పొయ్యమన్నట్టు. గౌరి అలా కాదు. అందరూ తిన్నాక నెమ్మదిగా వచ్చేది. "ఇది పెద్దింటి కోడలే!" అనేది నాయనమ్మ.

కొబ్బరాకు ఊగితే నల్లోడు మొరిగేవాడు. మనిషొస్తే తోక ఊపేవాడు. దొంగొచ్చినా ఊపేవాడేమో! గౌరి ముందు వాసన చూసేది. తర్వాతే నమ్మేది. ఒకే తల్లి పిల్లలు. గుణాలు వేరు.

2018 అక్టోబరు. తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లవారుజామున గాలి హోరు. నల్లోడు మంచం కింద దూరాడు. గౌరి గడప దగ్గరే పడుకుంది.

గాలి తగ్గాక నాన్న తోటలోకి నడిచాడు. గౌరి వెనకే వెళ్లింది. ఎన్నో ఏళ్ల చెట్లు వరసగా పడున్నాయి. నాన్న ఒక మాను మీద కూలబడ్డాడు. గౌరి ఆయన పాదం మీద గడ్డం ఆనించింది. ఆయన మాట్లాడలేదు. అదీ మొరగలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు.

నల్లోడు? మంచం కింద నుంచి అంబలి వేళకు వచ్చాడు!

ఇప్పుడు ఇద్దరూ లేరు. నాన్న మళ్లీ కొబ్బరిమొక్కలు నాటాడు. అమ్మ ఆ మూకుడు పారెయ్యలేదు. రోజూ పొద్దున్నే అందులో నీళ్లు పోసి, వీధిలో పెడుతుంది.