జామచెట్టుకు కట్టిన దండెం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వాటర్ సర్వీసింగ్ షెడ్డు ఉండేది. అందులో ఇద్దరే పనివాళ్ళు. ఒకరు ముసలాయన, ఇంకొకడు పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడు. కారు లోపలికి రాగానే కుర్రాడు బానెట్ దగ్గరికి పోయేవాడు. ముసలాయన తలుపులు తీసి మ్యాట్లు బయటికి లాగేవాడు.

కుర్రాడికి రబ్బింగ్, పాలిషింగ్ అంటే ప్రాణం. గీతలు పడిన బండి కనపడితే వాడి చేతులు ఊరుకునేవి కావు. ముందు గీత మీద గోరు ఆనించి అడ్డంగా జరిపి చూసేవాడు. గోరు తట్టుకుంటే అది లోతు గీత, పెయింటరు దగ్గరికి పంపాల్సిందే. తట్టుకోకుండా జారిపోతే పైపై గీత, పాలిష్‌తో పోతుంది. నిజంగానే పోయేది. బండి యజమాని వంగి, పక్కకు జరిగి, ఎంత వెతికినా గీత కనపడక, జేబులోంచి ఒక నోటు తీసి వాడి చేతిలో పెట్టేవాడు. మ్యాట్లు కడిగినందుకు ముసలాయనకు ఎవరూ ఏమీ ఇచ్చేవారు కారు.

అయినా ఆయన పని ఆయనది. మ్యాటును తడపకముందే గోడకేసి దులిపేవాడు. పొడిగా ఉన్నప్పుడు రాలే ఇసుక తడిస్తే అంటుకుపోతుంది. తర్వాత సబ్బునీళ్ళు చల్లి, బ్రష్షుతో పైవైపూ అడుగువైపూ తోమేవాడు. అడుగున బుడిపెల మధ్య ఇరుక్కున్న ఇసుకను పుల్లతో గీకి తీసేవాడు. మ్యాట్లు నీడలో వేలాడదీసి, అవి ఆరేలోపు కారులో కింద పరిచిన కార్పెట్‌ను అరచేత్తో నొక్కి చూసేవాడు. అక్కడ తడి నిలిస్తే ముందు వాసన, ఆపైన తుప్పు. చివరికి డ్రైవరు వైపు మ్యాటును కొక్కేలకు తగిలించి, పెడల్ కిందికి జారడం లేదని రెండుసార్లు లాగి చూసుకున్నాకే పైకి లేచేవాడు. నన్నడిగితే ఆ షెడ్డులో జరిగే పనులన్నిటిలో పెద్ద పని అదే. పెడల్ కింద మ్యాటు ఇరుక్కుంటే పోయేది రంగు కాదు, ప్రాణం.

ఆ షెడ్డుకు రిటైరైన మాస్టారొకరు వచ్చేవారు. రిటైర్మెంటు డబ్బుతో కొనుక్కున్న మెరూన్ రంగు కారు ఆయనది. రోజూ తెల్లవారుజామున అందులోనే కృష్ణలో స్నానానికి వెళ్ళేవారు. ఇంటికి రాగానే తడిసిన మ్యాట్లు తీసి, బకెట్టెడు నీళ్ళతో కడిగి ఆరబెట్టి, కారంతా గుడ్డపెట్టి తుడిస్తే గానీ కాఫీ ముట్టేవారు కారు.

అంత శ్రద్ధగా చూసుకునే కారుకు మూడు నాలుగు నెలలకోసారి బానెట్ మీద గీతలు తేలేవి. నీడలో ఏమీ తెలిసేది కాదు, ఎండలోకి తెస్తే సాలెగూడు పరిచినట్టు కనపడేవి. వీధిలో క్రికెట్ ఆడే పిల్లల పనే ఇదని మాస్టారు నిశ్చయించుకున్నారు. పిల్లల్ని కేకలేశారు. వాళ్ళ బంతి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. గీతలు మాత్రం ఆగలేదు. ఆయన షెడ్డుకు రావడం, కుర్రాడు రబ్బింగ్ చేయడం, బానెట్ అద్దంలా మెరవడం, మాస్టారు మురిసిపోవడం, ఇలా రెండేళ్ళు గడిచాయి.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. కారుకు మెరుపునిచ్చేది రంగు కాదు, దాని మీద వేసే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే చాలామంది తల వెంట్రుక కన్నా పలచన. రబ్బింగ్ చేస్తే గీత పూడదు. గీత చుట్టూ ఉన్న పొర అరిగి గీత అడుగుమట్టానికి దిగుతుంది, అందుకే గీత కనపడదు. కుర్రాడు గీతను తీసేసిన ప్రతిసారీ కారు పైపొరలో కొంత తీసేశాడు.

ఒకరోజు అలాగే బఫింగ్ మెషిన్ ఆడిస్తున్నాడు. బానెట్ మీద మడత గీత ఎత్తుగా లేచినచోట, రంగు పలచగా ఉండేచోట, రెండోసారి తిప్పి ప్యాడ్ ఎత్తి చూశాడు. రెండేళ్ళుగా ఆ కారు మీద ప్యాడ్‌కు తెల్లటి మడ్డి తప్ప ఏమీ అంటలేదు. ఆ రోజు మెరూన్ రంగు అంటింది. బానెట్ మీద రూపాయి బిళ్ళంత మేర మెరుపు చచ్చిపోయింది. కుర్రాడు మళ్ళీ పాలిష్ రాయబోయి, చేయి వణికి ఆగిపోయాడు. రాసేందుకు అక్కడ పొర మిగల్లేదు.

ముసలాయన తడి చేతులతోనే వచ్చి చూశాడు. కుర్రాణ్ని ఏమీ అనలేదు. బానెట్ పక్కగా కూర్చుని, వెలుతురు ఏటవాలుగా పడేలా తల వంచి, ఇంకా రబ్బింగ్ కాని సగాన్ని చాలాసేపు చూశాడు. గీతలు బానెట్ అంతా లేవు. ఒక వెడల్పులో మొదలై, అదే వెడల్పుతో ముందుకు సాగి, అంచు దగ్గర ఆగిపోయాయి. ఆయన లేచి, ఆరేసిన మ్యాటు తెచ్చి, బానెట్‌కు తగలకుండా జానెడు ఎత్తున పట్టుకున్నాడు. గీతల వెడల్పూ మ్యాటు వెడల్పూ సరిగ్గా సరిపోయాయి.

రెండేళ్ళుగా ఆయన ఈ మ్యాట్ల అడుగు నుంచి పిడికెడేసి కృష్ణ ఇసుక గీకి పారబోస్తూనే ఉన్నాడు, కానీ బానెట్ వైపు ఎన్నడూ చూడలేదు. కుర్రాడు బానెట్ మీది గీతలన్నీ ఎరుగును, కానీ మ్యాటు ఒక్కసారీ తిరగేసి చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ ఆ సంగతి తలచుకుని సిగ్గుపడ్డారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మాస్టారి ఇంటికి వెళ్ళారు. ఆయన అప్పుడే నది నుంచి వచ్చి, మ్యాట్ల పైవైపు మాత్రం కడిగి, ఎండ బాగా తగులుతుందని బానెట్ మీద పరుస్తున్నారు. ఆరాక వాటిని అలాగే కిందికి లాగారు. మ్యాట్లు తుడిచిన గుడ్డతోనే బానెట్ కూడా తుడిచారు, ఎంతో ప్రేమగా, గుండ్రంగా తిప్పుతూ.

ముసలాయన సంచిలోంచి కొబ్బరితాడు తీసి పెరట్లో జామచెట్టుకూ ప్రహరీ కొక్కేనికీ దండెం కట్టాడు. మ్యాట్లు దాని మీద వేసి, అడుగువైపు తిప్పి చూపించాడు. మాస్టారు బుడిపెల మధ్య వేలు పెట్టి, అంటుకున్న ఇసుకను చూసుకుని, చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. తర్వాత లోపలికి వెళ్ళి బీరువా తాళం తీశారు. ఆ సాయంత్రం వీధిలో క్రికెట్ మళ్ళీ మొదలైంది.

బానెట్‌కు కొత్తగా రంగు వేయించారు. ఏడాది దాటినా దాని మీద ఒక్క గీత పడలేదు. కుర్రాడు మాత్రం అప్పటి నుంచి ఏ బండి వచ్చినా మెషిన్ పట్టేముందు మ్యాట్లు తిరగేసి చూసేవాడు.

మన ఇళ్ళల్లోనూ ఇంతే: మనకు తెలియకుండా రోజూ ఒక మాటతో అయినవాళ్ళను గీరుతుంటాం, ఆ గీతకు ఎవరినో నిందిస్తాం, చివరికి ఒక క్షమాపణతో మెరుగు పెట్టి సరిపోయిందనుకుంటాం. కానీ అలా తుడిచిన ప్రతిసారీ నమ్మకమనే పొర కొంత అరుగుతుంది, అది వెంట్రుకకన్నా పలచన. కాబట్టి ఈసారి గీత కనపడితే పాలిష్ డబ్బా వెతక్కండి, ముందు మీ చేతిలోని గుడ్డ తిరగేసి చూసుకోండి.