కోతి ఇవ్వని దానం



పొద్దున్నే ప్రాణిహింసకు దూరంగా ఉంటామని శీలం తీసుకుంటాం. సాయంత్రం పిల్లకి జ్వరమొస్తే మందు వేస్తాం. ఆ మందు మన ఇంటికి రాకముందు ఏ ప్రాణి మీద పరీక్షించారో ఎప్పుడైనా అడిగామా?

జన్యు చికిత్స సంగతే చూడండి. పనిచేయని జన్యువుకు బదులు మంచి జన్యువును, మార్పుచేసిన వైరస్‌లో పెట్టి ఒంట్లోకి ఎక్కిస్తారు. కండరాలు చచ్చుబడిపోయే ఎస్.ఎం.ఎ. జబ్బుకి అలాంటి మందును అమెరికాలో 2019లో రెండేళ్లలోపు పిల్లలకు అనుమతించారు. కూర్చోలేరనుకున్న పసివాళ్లు కూర్చున్నారు. ఇలాంటి మందుల మోతాదును కాలేయం, నరాలు తట్టుకుంటాయా అన్నది తరచుగా కోతుల్లో చూస్తారు. వాటి శరీరం మనకు దగ్గర. దగ్గర కాబట్టే పనికొస్తాయి. దగ్గర కాబట్టే మనలాగే బాధపడతాయి.

"ఉద్దేశం మంచిదే కదా, దోషమేముంది?" అంటారు కొందరు. చేతనే కమ్మం, నిజమే. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని అంబేడ్కర్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మము'లో విడదీశారు. అయితే అవసరమని చెప్పేవాడే దాన్ని రుజువు చేయాలి. ఇంకో మాట. కోతి 'త్యాగం' చేసిందనకండి. ఇష్టపడి ఇస్తేనే దానం. కోతిని ఎవరూ అడగలేదు. ఇవ్వనిది తీసుకోవద్దంటుంది రెండో శీలం. కాబట్టి అది దానం కాదు, మన నెత్తిన అప్పు.

ఆ అప్పు ఎగ్గొడితే ఏమవుతుంది? 1999 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు జన్యు చికిత్స ప్రయోగంలో చేరాడు. అతని కాలేయ జబ్బు మందులతో, పథ్యంతో అదుపులోనే ఉంది. అదే జబ్బు తీవ్రంగా ఉన్న పసిపిల్లలకు మేలు జరగాలనే వచ్చాడు. వైరస్ ఎక్కించిన నాలుగో రోజున చనిపోయాడు. అంతకుముందు పరీక్షల్లో ఎక్కువ మోతాదు ఇచ్చిన కోతులు చనిపోయాయి. అతను సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట లేదు.

కోతులు ప్రాణం పోగొట్టుకుని ఇచ్చిన హెచ్చరిక అది. దాన్ని దాచడంతో మొదటి, రెండో శీలాలతో పాటు సత్యం చెప్పమనే నాలుగోదీ పోయింది.

అదే ప్రయోగానికి నాయకుడైన జేమ్స్ విల్సన్ 2018లో మరో దారి పట్టాడు. పెద్ద మోతాదులో వైరస్ ఎక్కించిన మూడు కోతుల్లో ఒకదాని కాలేయం దెబ్బతిందని, దాన్ని చంపేయాల్సి వచ్చిందని బహిరంగంగా ప్రచురించాడు. మరుసటి ఏడు, కోతుల నరాల్లో వాపు కనిపించిందని ఎస్.ఎం.ఎ. మందును వెన్నులోకి ఇచ్చే పరీక్షలో పెద్ద మోతాదును అమెరికా ప్రభుత్వ సంస్థ ఆపించింది. ఈసారి హెచ్చరిక మనుషుల దాకా చేరింది.

అప్పు తీర్చే దారులున్నాయి. వీలైనచోట జంతువును మానడం, తప్పకపోతే సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం: ఈ మూడు సూత్రాలను రస్సెల్, బర్చ్ 1959లోనే చెప్పారు. కొత్త మందుకు జంతు పరీక్ష తప్పనిసరన్న నిబంధనను అమెరికా 2022లో తీసేసింది. అంటే నిన్నటి 'అవసరం' రేపటికి అవసరం కాకపోవచ్చు. అందుకే ఎప్పటికప్పుడు అడుగుతూ ఉండాలి.

మీరు మందు మానేయమని నేననను. బిడ్డ మీద కరుణ కూడా కరుణే. కాకపోతే ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టేముందు అడగండి: "దీన్ని ఏ ప్రాణి మీద చూశారు? దానికేమైంది?" ఆ ప్రశ్న మీ బిడ్డను కాపాడవచ్చు. నోరులేని ఆ ప్రాణికి మనం చెల్లించే మొదటి వాయిదా కూడా అదే.