గండికోట రాళ్లు

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపిన సంగతి యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో నున్నది. ముందు తరముల పిల్లలు అడుగుదురు, పెద్దలు జవాబు చెప్పవలెను. అందుకే ఆ రాళ్లు. గోత్రమునకు ఒక రాయి చొప్పున తెచ్చిరి. ఏ గోత్రమును విడువబడలేదు.

కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర, పెన్నానది లోయ అంచున నున్న గండికోటను చూచినప్పుడు ఈ సంగతి మనకు జ్ఞాపకము వచ్చును. ఇది పెమ్మసాని నాయకులు ఏలిన కోట. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను. మాధవరాయ దేవాలయము, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారము నేటికిని నిలిచియున్నవి.

ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అని పిల్లలు అడిగినయెడల జవాబు చెప్పుట సులభము. ఆ గెలుపోటముల పేరు చెప్పి నేటి పొరుగువానిమీద పగ పెంచుటయు సులభమే. అయితే ఈ బండలను పగులగొట్టి మోసిన కూలివాడెవడు? వానలు తక్కువైన ఈ సీమలో ఆ ధాన్యాగారమునకు గింజలు పండించిన రైతు ఎవడు? వారికి ఇక్కడ రాయి లేదు.

పూర్వులను మరచుట తప్పు. కొందరినే జ్ఞాపకముంచుకొని, అదియే జనులందరి చరిత్ర యనుట అంతకంటె చిన్న తప్పు కాదు. పిల్లలను కోటకు తీసికొని పోవుదము. రాజుల పేర్లతోపాటు పేరు దొరకని చేతులనుగూర్చియు చెప్పుదము. కోటలవరకు పోనేల? మన మందిరముల శంకుస్థాపన రాళ్లను చూడుడి. ప్రారంభించిన పెద్దల పేర్లుండును, దాతల పేర్లుండును. ఇసుక తట్ట మోసిన తల్లి పేరు ఎన్నింటిమీద నున్నది?